ఏళ్ల తరబడి సాగిన సూపర్‌హీరో కథ: మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక సూపర్‌హీరో కామిక్ పదిహేనేళ్లు దాటి సాగినప్పుడు, దానిని రాసేవారికీ గీసేవారికీ ఏదో ఒక రోజు తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. పేరుకుపోయిన గతంలో ఎంత ఉంచుకోవాలి, ఎంత వదులుకోవాలి, వదులుకున్న తరువాత కొత్త మొదటి సంచికను కథలోని ఏ ఘట్టం దగ్గర నిలపాలి? అమెరికాలో డీసీ, మార్వెల్ కామిక్స్ సంస్థలు గత నలభై ఏళ్లలో దీనికి పలు విధాలుగా సమాధానం చెప్పాయి. వాటిలో కొన్ని ఫలించాయి, కొన్ని ఉన్న చిక్కును పీటముడిగా మార్చాయి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ కాలేజీ రోజుల్లో సరదాగా మొదలుపెట్టిన బొమ్మల కథను ఉద్యోగాలు వచ్చాక కూడా ట్యాబ్ మీద గీస్తూ కొనసాగించేవారికి ఆ అనుభవం పనికివస్తుందన్న ఉద్దేశంతో ఆ దారులను ఇక్కడ పోల్చి చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది: ఎక్కువ సందర్భాల్లో వీరుడి పుట్టుక దగ్గర మొదలుపెట్టడమే అన్నిటికంటే బలహీనమైన ఎంపిక, అయినా అందరి మనసూ ముందుగా పోయేది దాని మీదికే.

పోలిక గాలిలో తేలిపోకుండా ఉండేందుకు ఒక వీరుణ్ణి ఊహించుకుందాం. అతను శేషాచలం అడవిలో గస్తీ తిరిగే అటవీశాఖ ఉద్యోగి, బీట్ ఆఫీసరు. ఎర్రచందనం మానును అరచేత్తో తాకితే, ఆ మాను ఇంతకాలంగా చూసినదంతా అతని కళ్ళకు కడుతుంది. కథ 2008లో మొదలైంది. మొదటి సంచికలో దొంగల గొడ్డలి దెబ్బ తిని చెట్టు మొదట్లో పడిపోయినప్పుడు ఆ శక్తి వచ్చింది. 30వ సంచికలో పెళ్ళయింది. 60వ సంచికలో చంద్రగిరి కోట దగ్గర జరిగిన పోరులో ముసుగు జారి, అతనెవరో ఊరంతటికీ తెలిసిపోయింది. 80వ సంచికలో ప్రాణస్నేహితుడు తలకోన జలపాతం మీది నుంచి పడి చనిపోయాడు, ఆ తరువాత రెండుసార్లు బతికివచ్చాడు. ఇప్పుడు 140వ సంచిక నడుస్తోంది, కొత్తగా చేరినవారెవరైనా ఇంతవరకు జరిగిన కథేమిటని అడిగితే రచయితే నీళ్ళు నములుతున్నాడు. ఇతణ్ణి ఎక్కడ నిలబెట్టి మళ్ళీ మొదలుపెట్టాలన్నదే మన ముందున్న సమస్య.

పుట్టుక నుంచి చెప్పడం

ఈ దారికి పెద్ద ఉదాహరణ సూపర్‌మ్యాన్. 1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో పుట్టిన ఈ వీరుడి చుట్టూ 1980ల నాటికి ఒకదానితో ఒకటి పొసగని కథలు గుట్టలుగా పేరుకున్నాయి. 1985-86లో డీసీ సంస్థ మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌ల చేత పన్నెండు సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ చేయించి, లెక్కలేనన్ని సమాంతర లోకాలను ఒకే లోకంగా కలిపివేసింది. ఆ వెంటనే 1986లో జాన్ బర్న్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ అనే ఆరు సంచికల్లో సూపర్‌మ్యాన్ కథను మొదటి నుంచి తిరిగి చెప్పాడు. ఆ ఆరింటినీ విడిగా చదివితే మెచ్చుకోకుండా ఉండలేము. సూపర్‌మ్యాన్‌ను క్లార్క్ అన్న పేరుతో పెంచిన కెంట్ దంపతులు అతను పెద్దవాడైన తరువాత కూడా బతికే ఉంటారు. అతని ప్రధాన శత్రువు లెక్స్ లూథర్ వెర్రి శాస్త్రవేత్త స్థానం వదిలి నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వ్యాపారి అవుతాడు. క్లార్క్ చిన్నతనంలోనే సూపర్‌బాయ్‌గా తిరిగాడన్న అధ్యాయం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

చిక్కంతా ఆ చివరి మార్పుతోనే వచ్చింది. 1958లో తొలిసారి కనిపించిన ‘లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్’ అనే మరో కామిక్‌లో, వెయ్యేళ్ల తరువాతి కాలానికి చెందిన యువవీరుల దండుకు ఆదర్శమూ సహచరుడూ ఆ సూపర్‌బాయే. అతను అసలు లేడని ఒక పుస్తకం ప్రకటించడంతో రెండో పుస్తకానికి పునాది పోయింది. ఆ సూపర్‌బాయ్ వేరే చిన్న లోకానికి చెందినవాడంటూ 1987లో ఒక అతుకు వేశారు, అది నిలవలేదు. 1994లో లీజియన్ కథను పూర్తిగా చెరిపి మళ్ళీ మొదలుపెట్టారు, 2004లో మరోసారి అదే పని చేశారు. వండర్ వుమన్ విషయంలోనూ ఇంతే జరిగింది. 1987లో పెరెజ్ ఆమె కథను పుట్టుక నుంచి చెప్పి, ఆమె ఇప్పుడిప్పుడే బయటి ప్రపంచంలోకి వచ్చినట్టు చూపాడు. ఆ కథ చాలా బాగుంది. కాని డీసీ వీరుల ప్రధాన దండైన జస్టిస్ లీగ్ స్థాపకుల్లో ఆమె ఖాళీ చేసిన చోటులో బ్లాక్ కానరీ అనే మరో వీరవనితను కూర్చోబెట్టవలసి వచ్చింది, ఆమెకు తోబుట్టువులాంటి డోనా ట్రాయ్ ఆమెకంటే ముందే టీన్ టైటన్స్ అనే యువవీరుల దండులో ఎలా పనిచేసిందో చెప్పడానికి డోనా పుట్టుపూర్వోత్తరాలను ఒకటికి రెండుసార్లు తిరగరాయవలసి వచ్చింది.

వీటన్నిటికంటే నేర్చుకోదగినది హాక్‌మ్యాన్ ఉదంతం. 1989లో తిమోతీ ట్రూమన్ చేసిన ‘హాక్‌వరల్డ్’ మూడు భాగాల కథ ఆ వీరుడి పూర్వరంగంగా ఎంతో గట్టిగా నిలబడింది. దానిని గతంలో జరిగిన కథగానే వదిలేసి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. 1990లో మొదలైన నెలవారీ కామిక్ మాత్రం ఆ కథ వర్తమానంలోనే జరిగినట్టు చూపింది. దాంతో అంతకు ముందు ఏళ్ల తరబడి జస్టిస్ లీగ్‌తో కలిసి పోరాడిన హాక్‌మ్యాన్ ఎవరన్న ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది, దానికి జవాబు వెతికిన ప్రతి రచయితా మరో రెండు ప్రశ్నలు మిగిల్చి వెళ్ళాడు. కథలో లోపమేమీ లేదు, దానిని నిలిపిన కాలంలోనే లోపం ఉంది.

పుట్టుక నుంచి చెప్పడంలో మరో బలహీనత కూడా ఉంది: ఆ కథ అందరికీ ముందే తెలుసు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 11 పేజీల్లో ముగించిన స్పైడర్‌మ్యాన్ పుట్టుక 2000లో వచ్చిన ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’లో ఏడు సంచికలు పట్టింది. బ్రయన్ మైకేల్ బెండిస్ రాసిన సంభాషణల చురుకుదనం వల్లా, మార్క్ బాగ్లీ బొమ్మల వల్లా పాఠకులు ఏడు సంచికలూ విడవకుండా చదివారు. అయితే అది వేరే లోకంగా విడిగా నడిచిన కామిక్ కావడం, దాని పక్కనే పాత స్పైడర్‌మ్యాన్ యథాతథంగా కొనసాగడం దానికి కలిసివచ్చాయి. మన బీట్ ఆఫీసరు గొడ్డలి దెబ్బ తినడాన్ని నెలకొక సంచిక చొప్పున ఏడు నెలలు గీస్తే, అతను బతుకుతాడని తెలిసిన పాఠకుడు మూడో నెలకే పక్కకు తప్పుకుంటాడు. వీరుడు ఒంటరివాడై, అతని కథ మీద ఆధారపడిన మరో కామిక్ ఏదీ లేకుండా, పుట్టుకలోనే ఏదో సరిదిద్దక తప్పని తప్పు ఉన్నప్పుడు మాత్రమే ఈ దారి పట్టాలి.

మధ్యలో ఒక గీత గీయడం

గీత గీయడమంటే ఒక ఘట్టం దాకా జరిగిన కథను ఉంచుకొని, ఆ తరువాతిదంతా జరగనట్టే లెక్కించడం. నాకు అన్నిటికంటే సమంజసంగా తోచేది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టబడినదీ ఇదే. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనుక ఉన్న పీటర్ పార్కర్‌కూ అతని ప్రేయసి మేరీ జేన్‌కూ 1987లో పెళ్ళి చేశారు. ఇరవై ఏళ్ల తరువాత, పెళ్ళయిన స్పైడర్‌మ్యాన్ పెద్దవాడైపోయినట్టు కనిపిస్తున్నాడని భావించిన మార్వెల్ సంపాదకవర్గం 2007లో ‘వన్ మోర్ డే’ ద్వారా ఆ పెళ్ళిని లేనిదిగా చేసింది. పీటర్‌ను పెంచి, ఇప్పుడు చావుబతుకుల్లో ఉన్న మే పెద్దమ్మను కాపాడుకోవడానికి పీటర్, మేరీ జేన్ ఇద్దరూ తమ దాంపత్యాన్ని మెఫిస్టో అనే దయ్యాల దొరకు అప్పగిస్తారు. 2006లో ‘సివిల్ వార్’ కథలో లోకమంతటికీ తెలిసిపోయిన ముసుగు రహస్యం కూడా ఆ ఊపులోనే మళ్ళీ రహస్యమైపోతుంది. 2008 జనవరి నుంచి నెలకు మూడుసార్లు వెలువడిన ‘బ్రాండ్ న్యూ డే’ కథల్లో హుషారైనవి చాలానే ఉన్నాయి, అయినా పెళ్ళి చెరిపివేసిన తీరు మీద వాదన ఇప్పటికీ చల్లారలేదు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. గీత ఎక్కడ గీశారన్నది ఒకటి, దేనితో గీశారన్నది మరొకటి. ముసుగు రహస్యంగా ఉన్న రోజులకు తిరిగి వెళ్ళాలనుకోవడంలో అర్థముంది, ఎందుకంటే ఆ రహస్యమే స్పైడర్‌మ్యాన్ కథలకు సగం బలం. కాని ఆ చెరిపివేతను వీరుడి చేతే చేయించడంతో అది సంపాదకుల నిర్ణయంగా మిగలక అతని నడతకు అంటిన మచ్చగా మారింది. బాధ్యత గురించే పుట్టిన పాత్ర భార్యతో బంధాన్ని దయ్యానికి ధారపోయడం పాఠకుడి మనసులో మొదటి సంచిక కంటే గట్టిగా నాటుకుంది. గీత గీయదలిస్తే దానిని కథ వెలుపల, సంపాదకుడి మాటగా, రెండు వాక్యాల్లో చెప్పివేయడం నయం.

గీత ఒకటే అయినా అందరికీ ఒకే విధంగా వర్తించకపోతే ఏమవుతుందో 2011 చూపింది. ఆ ఏడాది ఆగస్టు 31న ‘ఫ్లాష్‌పాయింట్’ చివరి సంచికనూ కొత్త ‘జస్టిస్ లీగ్’ మొదటి సంచికనూ ఒకే రోజు విడుదల చేసిన డీసీ, సెప్టెంబరు ముగిసేలోగా దానితో కలిపి 52 కామిక్‌లను ఒకటో నంబరుతో మొదలుపెట్టింది. వీరులు లోకానికి పరిచయమై అయిదేళ్లే అయిందని లెక్క. సూపర్‌మ్యాన్ ఆ లెక్కకు తలవంచి పడుచువాడయ్యాడు, భార్య లోయిస్‌తో అతని పెళ్ళి రద్దయింది. బాట్‌మ్యాన్, గ్రీన్ లాంటర్న్ కామిక్‌లు మాత్రం బాగా అమ్ముడవుతున్నాయి కనుక వాటి గతాన్ని దాదాపుగా ముట్టుకోలేదు. ఫలితంగా ఆ అయిదేళ్లలోనే బాట్‌మ్యాన్ దగ్గర రాబిన్ అన్న పేరుతో ఒకరి తరువాత ఒకరుగా పలువురు కుర్ర సహాయకులు శిక్షణ పొందవలసి వచ్చింది, పదేళ్ల కొడుకు డేమియన్ కూడా అందులోనే ఇమడవలసి వచ్చింది. 2016లో ‘రీబర్త్’ పేరుతో డీసీ వెనకడుగు వేసి, లోయిస్‌తోనూ కొడుకు జాన్‌తోనూ కాపురం చేస్తున్న పాత సూపర్‌మ్యాన్‌నే ముందుకు తెచ్చింది. 2017లో రెండు చరిత్రలనూ ఒకటిగా కలిపివేసింది. నలుగురికీ ఒకే కత్తెర వాడే ధైర్యం లేనప్పుడు కత్తెర తీయకపోవడమే మేలన్నది నా గట్టి అభిప్రాయం.

మరి గీత ఎక్కడ గీయాలి? దీనికి నేను సూచించే పరీక్ష చాలా సులభం. పాత పాఠకులు కొందరిని విడివిడిగా పిలిచి, ఏ గండమూ లేని మామూలు రోజున మీ వీరుడు ఏం చేస్తుంటాడని అడగాలి. మన బీట్ ఆఫీసరు గురించి అడిగితే, పగలంతా అడవిలో తిరిగి, చీకటి పడ్డాక ముసుగు వేసుకొని, తెల్లవారుజామున భార్య లేవకముందే ఇల్లు చేరి, చేతికంటిన ఎర్రని పొట్టును పెరట్లో కడుక్కుంటాడని చెబుతారనుకుందాం. ఆ జవాబు 30వ సంచికకూ 60వ సంచికకూ నడుమ ఉన్న కాలానిది. పెళ్ళి అయింది, రహస్యం బయటపడలేదు, స్నేహితుడు ఇంకా బతికే ఉన్నాడు. పాఠకుల తలల్లో వీరుడు స్థిరపడిపోయిన రోజులు అవే కనుక గీతను 59వ సంచిక చివర గీసి, చంద్రగిరి పోరుకు ముందు రోజు ఉదయం నుంచి కొత్త కథ మొదలుపెట్టాలి. పాఠకులందరూ ఎక్కువగా కొట్లాడుకునే సంచికకు ముందు, ఎక్కువగా ఇష్టపడే సంచికలకు తరువాత పడిన గీత ఎవరినీ అంతగా నొప్పించదు.

పక్కన మరో లోకం

పాత కథను ఆపకుండా, దానితో సంబంధం లేని కొత్త లోకంలో అదే వీరుణ్ణి మళ్ళీ పుట్టించడం మరో దారి. మార్వెల్ అల్టిమేట్ లోకం 2000 నుంచి 2015 వరకు అలాగే నడిచింది. 2011లో అక్కడి పీటర్ పార్కర్‌ను చంపివేసి మైల్స్ మొరాలెస్ అనే మరో కుర్రవాడికి ముసుగు ఇవ్వగలిగారంటే, పాత పీటర్ పక్క కామిక్‌లో క్షేమంగా ఉండడమే కారణం. ఆ లోకం మూతపడినా మైల్స్ మాత్రం ప్రధాన లోకంలోకి వచ్చి స్థిరపడ్డాడు. 2024లో జొనాథన్ హిక్‌మన్, మార్కో కెకెట్టో మొదలుపెట్టిన కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ ఇంకా తెలివైన పని చేసింది. ఇక్కడ పీటర్‌కు శక్తి వచ్చేది ముప్పై దాటిన తరువాత, ఇంట్లో భార్యా ఇద్దరు పిల్లలూ ఉండగా. పుట్టుక కథే అయినా వయసు మారడంతో తెలిసిన కథ తెలియని కథయింది. అదే ఏడాది అక్టోబరులో డీసీ కూడా ‘అబ్సల్యూట్ బాట్‌మ్యాన్’తో ఈ బాట పట్టింది. మన దేశంలో 1986లో రాజ్ కామిక్స్ సృష్టించిన నాగరాజ్ కూడా అసలు కథతోపాటు నరక్ నాశక్, ఆతంక్‌హర్తా అనే వేరువేరు వరసల్లో కనిపిస్తాడు.

ఈ దారికి కావలసింది చేతులు. రెండు లోకాలు నడపాలంటే ఇద్దరు రచయితలూ ఇద్దరు చిత్రకారులూ అవసరం. మన ప్రాంతంలో సాధారణంగా ఒకరు రాస్తే ఒకరు గీస్తారు, చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక్కరే. అటువంటివారు పక్క లోకం తెరిస్తే పాత లోకం సవతి బిడ్డవుతుంది, ఆ సంగతి పాఠకులు ఒప్పుకోకముందే గీతల్లో కనిపించిపోతుంది.

ముసుగు మరొకరికి ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1936లో లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ 21వ తరం వాడు. తండ్రి పోతే కొడుకు ముసుగు తొడుక్కోవడమే ఆ కథ కట్టడి కనుక అక్కడ మార్పు ఎవరికీ వెలితి అనిపించదు. మెరుపువేగంతో పరుగెత్తే ఫ్లాష్‌గా పేరుపొందిన బారీ ఆలెన్ ‘క్రైసిస్’లో మరణించిన తరువాత వాలీ వెస్ట్ ఇరవై ఏళ్లకు పైగా ఆ పేరు నిలిపాడు, 2008లో బారీ తిరిగిరాగానే వాలీ అంచుకు జరిగిపోయాడు. పాతవాణ్ణి ఎన్నటికీ తిరిగి తీసుకురామన్న మాట మీద నిలబడలేకపోతే ఈ దారి పట్టకూడదు.

ఏమీ కోయకుండా జరుపుకుంటూ పోవడం

మార్వెల్ తన ప్రధాన లోకాన్ని మొత్తంగా చెరిపి మళ్ళీ మొదలుపెట్టలేదు, కాలాన్ని మాత్రం జరుపుతూ వస్తుంది. 1963లో ఐరన్‌మ్యాన్ గాయపడింది వియత్నాం యుద్ధరంగంలో. 2000ల కథల్లో అది అఫ్గానిస్థాన్ అయింది, 2019లో మార్క్ వెయిడ్ అసలు ఏ ఏటితోనూ ముడిపడని సియాంకాంగ్ అనే ఊహాదేశపు యుద్ధాన్ని కల్పించాడు. ఈ పద్ధతిలో పెద్ద సంఘటనలు ఉంటాయి, తేదీలు ఉండవు. మన బీట్ ఆఫీసరుకు ఇది ఎంత అవసరమో చూడండి: 2008లో అతను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి, 2014 జూన్ 2 తరువాత విభజిత రాష్ట్ర ఉద్యోగి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడడంతో మొదటి సంచికలో అతని చొక్కా మీద రాసిన చిత్తూరు జిల్లా అన్న మాట కూడా పాతబడిపోయింది. రచయితకు ఏ పాపమూ తెలియదు. ప్రభుత్వ గెజెట్టే అతని కంటిన్యుటీని, అంటే కథలోని వివరాల పొందికను, మార్చివేసింది. జిల్లా పేరు రాయకుండా అటవీ రేంజి పేరుతో సరిపెట్టడం ఇకముందైనా మంచిది.

బాట్‌మ్యాన్ విషయంలో డీసీ 1987లో చేసినది దీనికి దగ్గరి పని. అతని కామిక్‌ను ఆపలేదు, నంబరు మార్చలేదు. నడుస్తున్న కామిక్‌లోనే 404 నుంచి 407 వరకు నాలుగు సంచికల్లో ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మాజుకెల్లీ అతని తొలి ఏడాదిని తిరిగి చెప్పారు, 408 నుంచి కామిక్ ఆ తొలి ఏడాదిని దాటి ముందుకు సాగింది. పుట్టుక కథ చెప్పకుండా ఉండలేమనుకునేవారికి ఇంతకంటే తక్కువ ఖర్చుతో తీరే కోరిక లేదు.

మన పాఠకుడు ఎక్కడ ఎక్కుతాడు

అమెరికా సంస్థలు ఒకటో నంబరు మీద అంత మోజు పడడానికి అక్కడి అంగళ్ళలో ఒకటో నంబరు ఎక్కువగా అమ్ముడుపోవడమే కారణం. ఇక్కడి పరిస్థితి వేరు. చెన్నై మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల గుట్టలోంచి దొరికిన సంచికను దొరికినట్టు తెచ్చుకొని చదివిన తరాలు తిరుపతి, చిత్తూరు, పుత్తూరు ప్రాంతాల్లో ఉన్నాయి. ముందు సంచికలో ఏం జరిగిందో, తరువాతి సంచికలో ఏం జరగబోతుందో ఊహించుకోవడం వారికి అలవాటే. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం నడిచినప్పుడు కూడా, కీచకవధ రాత్రికి మాత్రమే వచ్చి కూర్చున్న మనిషి ద్రౌపది విరాటుడి కొలువుకు ఎందుకు చేరిందని పక్కవాణ్ణి అడగడు. వేషం తెర మీదికి రాగానే దరువునుబట్టీ మాటనుబట్టీ ఎవరు ఎవరికి ఏమవుతారో అతనికి తెలిసిపోతుంది. మధ్యలో ఎక్కడానికి ఇంతగా అలవాటుపడిన పాఠకుల కోసం మొదటి నుంచి వివరిస్తూ కూర్చోవడం వృథా శ్రమ. కొత్త మొదటి సంచికలో కావలసిందల్లా ఆ వేషం స్పష్టంగా కనిపించడమే: పెరట్లో చేతులు కడుక్కుంటున్న మనిషి, లోపలి నుంచి పిలుస్తున్న భార్య, ఎర్రబారిన నీళ్ళు. అయిదారు బొమ్మల్లో కథ మొత్తం అందుతుంది.

కాబట్టి ఒక్కరో ఇద్దరో నడిపే ఒకే వీరుడి కామిక్ అయితే, పైన చెప్పిన పరీక్షతో మధ్యలో గీత గీయడం మొదటి ఎంపికగానూ, ఏదీ కోయకుండా తేదీలు జరపడం రెండో ఎంపికగానూ నేను సూచిస్తాను. గతం మరీ అంత చిక్కుపడకపోతే రెండోదే చాలు. నలుగురైదుగురు వీరులు ఒకరి కథలోకి ఒకరు వస్తూపోతూ ఉంటే, అందరికీ ఒకే నెలలో ఒకే గీత గీయగలరా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గీయలేకపోతే పక్క లోకమే శరణ్యం, దానికి తగినంతమంది కుదిరేవరకు ఆగడం తప్పదు. ఏ దారి పట్టినా, మొదటి సంచిక గీయడానికి ముందే ఏవి జరిగినట్టు, ఏవి జరగనట్టు అన్న పట్టికను ఒక్క కాగితం మీద రాసుకోవాలి. పెళ్ళిళ్ళు, మరణాలు, ముసుగు రహస్యం తెలిసినవారి పేర్లు, ఈ మూడూ ఉంటే చాలు. ఆ కాగితం పట్టనంత పెద్దదైతే గీత తప్పుచోట పడినట్టే. చనిపోయి రెండుసార్లు తిరిగివచ్చిన స్నేహితుడు గీతకు అవతల ఉన్నాడు కనుక అతని గురించి సంజాయిషీ ఏమీ ఇవ్వకుండా, మొదటి సంచికలోనే అతన్ని టీ గ్లాసుతో కూర్చోబెట్టవచ్చు.

నంబరు విషయంలో ఒక్క మాట చెప్పాలి. గీత గీసినంత మాత్రాన నంబరును ఒకటికి తిప్పనవసరం లేదు. 2011లో ఒకటికి తిప్పిన యాక్షన్ కామిక్స్‌ను 2016లో 957తో పాత వరుసకు చేర్చిన డీసీ, 2018 ఏప్రిల్‌లో వెయ్యో సంచికను పండుగలా జరుపుకొంది. మధ్యలో ఒకటో నంబరుతో వచ్చిన సంచికలను కూడా ఆ లెక్కలో కలుపుకోక తప్పలేదు. మన బీట్ ఆఫీసరు కొత్త కథ 59 తరువాతి రోజున మొదలైనా, అట్ట మీద వేయవలసిన అంకె 141.